నిదానమ్మ సంతకం

పొద్దున ఆరున్నరకి ఆవిరి లాండ్రీ గేటు ముందు నుంచి వెళ్లినవాళ్లెవరైనా సరే, ముందు ఒక్కదానికి జవాబు చెప్పండి. ఏం చూశారు? ఆడవాళ్లు గుంపుగా లోపలికి పోవడం చూశామంటారు. గొట్టంలోంచి తెల్లటి పొగ చూశామంటారు. సరే. ఆ గుంపులో అందరికన్నా వెనక, సంచి చంకలో పెట్టుకుని, కొంపలంటుకున్నా అడుగు తడబడనట్టు నడిచే ఒకావిణ్ణి చూశారా? చూసుండరు. పనిచేసేవాళ్లని గుంపుగా చూడటం మనకి అలవాటైపోయింది. ఒక్కొక్కరినీ చూడాలంటే ఓపిక కావాలి. ఈ కథ ఆ ఒక్కావిడది.

లాండ్రీలో ఆవిణ్ణి నిదానమ్మ అనేవాళ్లు. ఎగతాళికి మొదలైన పేరు, తర్వాత అదే అసలు పేరైపోయింది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ల దుప్పట్లు రోజుకి రెండు వేలు వచ్చేవి అక్కడికి. ఉతకడం, ఆరబెట్టడం యంత్రాలు చేస్తాయి. మడత మాత్రం మనుషులే పెట్టాలి, అదీ ఇద్దరు. ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. ఫెళ్లున విదిలించి, నిలువునా మడిచి, ఒకరికొకరు ఎదురు నడిచి కొసలు కలపాలి. ఒక్కో దుప్పటికి మూడుసార్లు మొహాలు ఎదురవుతాయి. బాయిలర్ హోరులో అరిచినా వినపడదు కాబట్టి మాట్లాడుకోవాలంటే ఆ మూడుసార్లే. మడతజంటల కబుర్లన్నీ అలా ముక్కలుముక్కలుగానే నడుస్తాయి.

నిదానమ్మకి జంట పొడుగుపిల్ల. పాతికేళ్లుంటాయి, చేతులు బారుగా ఉంటాయి, నోరు ఊరుకోదు. ఇద్దరూ ఒకే రోజు పనిలో చేరారు. మూడేళ్లుగా ఒకే దుప్పటికి చెరో కొస.

ఒకరోజు పొడుగుపిల్ల ఎదురొచ్చి, "అక్కా, నీకో మాట చెప్పాలి," అంది. వెనక్కి వెళ్లింది. మళ్లీ వచ్చి, "ఎవరితోనూ అనకు," అంది. మూడోసారి వచ్చి కొసలు చేతికిస్తూ, "ఆరో నెల," అంది.

"తెలుసులేవే," అంది నిదానమ్మ.

తర్వాతి దుప్పటి దాకా ఆగాల్సొచ్చింది పొడుగుపిల్ల.

"ఎలా తెలుసు?"

"నెల నుంచీ నువ్వు రెండడుగులు ముందే ఆగిపోతున్నావు. ఆ రెండడుగులూ నేనే నడుస్తున్నా. కాళ్లు చెప్పవూ?"

పొడుగుపిల్ల నవ్వి, ఆ దుప్పటి వంకరగా మడిచింది. విప్పి మళ్లీ మడిచారు.

నిదానమ్మ సంతకం గురించి ఇక్కడే చెప్పేయాలి. ఆవిడ ముప్పై ఏళ్లు దాటాక అక్షరాలు నేర్చుకుంది. కార్మిక సంఘం వాళ్లు సాయంత్రాలు నడిపే బడిలో, రిటైరైన టైపిస్టు ఒకావిడ దగ్గర. టైపిస్టక్క ఒక్కటే చెప్పేది: "తొందర మీద పెట్టిన సంతకం మనది కాదు, తొందరపెట్టిన వాడిది." అందుకని నిదానమ్మ అమ్మానాన్నలు పెట్టిన పేరులోని ఆరక్షరాలూ పొల్లుపోకుండా, ఒక్కోదాన్నీ తలకట్టుతో సహా, రెండు నిమిషాలు పట్టి రాసేది. అలా రాసిన సంతకానికి చెవి ఆనిస్తే, అది పెట్టినప్పుడు చుట్టూ ఏం వినపడిందో అంతా వినపడేది. మొదటి అక్షరం దగ్గర మొదటి మాటలు, చివరి అక్షరం దగ్గర చివరి మాటలు.

మొదటిసారి కూతురి ప్రోగ్రెస్ కార్డు మీద పెట్టింది. బళ్లో టీచరు కార్డుని చెవి దగ్గర పెట్టుకుని విని, "మీ ఇంట్లో కుళాయి కారుతోందమ్మా, వాషర్ మార్పించండి," అని చీటీ రాసి పంపింది. బ్యాంకులో గుమాస్తా అయితే కంటితో పోల్చడం ఎప్పుడో మానేశాడు. చెవి ఆనించి, "ఆ, దగ్గావు. నువ్వే," అని ముద్ర కొట్టేవాడు. సిటీబస్సు నడిపే మొగుడు మాత్రం, "నీ సంతకం పూర్తయ్యేలోపు నా బండి రెండు స్టాపులు దాటుతుంది," అని ఆటపట్టించేవాడు.

అన్ని సంతకాల్లోకీ ఒక్కటి మాత్రం నిదానమ్మకి గుర్తొస్తే తల వాలిపోయేది. అది పనిలో చేరిన రోజు పెట్టింది. ఆ రోజు నలభై రెండు మంది ఆడవాళ్లని బాయిలర్ గది గుమ్మం దగ్గర వరసలో నిలబెట్టి, మేనేజరు ఒక్కొక్కరి చేతా రెండు కాగితాల మీద సంతకం పెట్టించాడు. ఒకటి అగ్రిమెంటు. దాని నకలు ఎవరికీ ఇవ్వలేదు. రెండోది తెల్లకాగితం. హోరులో ఎవరికీ ఏమీ వినపడలేదు, ఎవరూ ఏమీ అడగలేదు. అలాగే గుర్తు నిదానమ్మకి. టైపిస్టక్క దగ్గర అన్నీ నేర్చుకుని, తెల్లకాగితం మీద ఎందుకు పెట్టానా అని మూడేళ్లు లోపల్లోపలే నలిగింది. మొగుడితో కూడా అనలేదు చాలాకాలం. ఆ కాగితాలన్నీ మేనేజరు గదిలో ఇనప బీరువాలో ఉన్నాయని అందరికీ తెలుసు. చర్మం కాలినవాళ్లు, నడుం పడిపోయినవాళ్లు ముగ్గురు మధ్యలో మాయమయ్యారు. ముగ్గురూ "రాజీనామా ఇచ్చారు".

ఆ నలుగుడే ఆవిడ చేత ఇంకో పని చేయించింది. కార్మిక చట్టం దేశం మొత్తానికీ వర్తిస్తుంది. దాని ముఖ్యమైన సంగతులు పనివాళ్ల భాషలో అచ్చువేసి, పనిచోట అందరికీ కనపడేలా పెట్టాలని ఆ చట్టంలోనే ఉంది. మేనేజరు పెట్టాడు, క్యాంటీన్ తలుపు వెనక. తలుపు ఎప్పుడూ తీసే ఉంటుంది కాబట్టి కాగితం ఎప్పుడూ కనపడదు. నిదానమ్మ రోజూ టీ వేళ గ్లాసు పట్టుకుని ఆ తలుపు వెనక దూరేది. రోజుకో వాక్యం. "తలుపు వెనక ఎవర్ని దాచావే?" అని తోటివాళ్లు నవ్వేవాళ్లు. మొత్తం చదవడానికి ఏడాదిన్నర పట్టింది. అయితే ఏం, ఏడాదిన్నరకి చట్టం మొత్తం ఆవిడ నోట్లో ఉంది. దుప్పటి మడిచినంత తేలిగ్గా చెప్పేది.

పొడుగుపిల్ల సంగతి వారం తిరక్కుండా సూపర్‌వైజరు కంట పడింది. సోమవారం పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ ఆమె కార్డు పట్టుకుని, తలెత్తకుండా, "నువ్వు శనివారమే రాజీనామా ఇచ్చావటమ్మా," అన్నాడు.

"నేనా? ఎవరికిచ్చాను?"

"నాకేం తెలుసు. లోపల కాగితం ఉందంట."

నిదానమ్మ వెనకే ఉంది. లోపలికి వెళ్లకపోతే తన కార్డు కూడా పోతుంది. వెళ్లింది. ఆ రోజు దుప్పటి రెండో కొసన ఎవరో కొత్తామె నిలబడింది. మంచిదే పాపం, వేగంగా నడిచింది, మడత తిన్నగా వచ్చింది. కానీ మూడుసార్లూ ఎదురొచ్చిన మొహంలో మాట లేదు. రెండడుగులు ఎక్కువ నడవబోయి నిదానమ్మ రెండుసార్లు ఆమెని గుద్దుకుంది.

సాయంత్రం నిదానమ్మ, పొడుగుపిల్ల, టైపిస్టక్క కలిసి లేబర్ ఆఫీసుకెళ్లి ఫిర్యాదు రాసిచ్చారు. కడుపుతో ఉన్న మనిషిని పనిలోంచి తీయకూడదు, కాన్పు సెలవిచ్చి ఆ ఉద్యోగం ఆమెకే ఉంచాలి, చట్టం అంత స్పష్టంగా ఉంది. మేనేజరు జవాబు కూడా అంతే స్పష్టంగా వచ్చింది: మేం తీయలేదు, ఆమే మానేసింది, ఇదిగో సంతకం. విచారణ గురువారం పదకొండింటికి అన్నారు. సాక్షి కావాలి అన్నారు.

మిగిలినవాళ్లలో ఎవరినడిగినా చేతిలో దుప్పటి వైపు తిరిగిపోయారు. వాళ్ల తప్పు కాదు. అందరి తెల్లకాగితాలూ ఒకే బీరువాలో ఉన్నాయి.

బుధవారం సాయంత్రం నిదానమ్మ మొగుడు అన్నం ముందు కూర్చుని, "రేపు నువ్వెళ్తావు కదూ," అన్నాడు.

"వెళ్తా."

"నీ కాగితం కూడా అందులోనే ఉంది."

"ఉంది."

"వాడు తేదీ వేయడానికి అరనిమిషం పట్టదు."

"అదేనయ్యా నా మంట. నేను రెండు నిమిషాలు కష్టపడి రాసింది వాడు అరనిమిషంలో తినేస్తాడు."

ఆయన కూతురి చదువు గురించి అనబోయి మానేశాడు. "సెలవు పెట్టి నేనూ రానా?" అన్నాడు చివరికి.

"నువ్వొచ్చి ఏం చేస్తావు, హారన్ కొడతావా? బండి నడుపు. ఊళ్లో వాళ్లు పనులకి పోవద్దూ."

గురువారం పది గంటల దాకా దుప్పట్లు మడిచి, ఒంటిపూట సెలవు పెట్టి, ఏప్రన్ విప్పకుండానే లేబర్ ఆఫీసుకెళ్లింది. చిన్న గది. బల్ల, మూడు కుర్చీలు, గోడ పక్కన ఒక బెంచీ. బల్ల వెనక లేబర్ ఆఫీసరమ్మ, దళసరి కళ్లజోడు, మాట తక్కువ మనిషి. పక్కన రాసుకునే గుమాస్తా. ఒక కుర్చీలో మేనేజరు, ఒళ్లో తోలుసంచి. బెంచీ మీద పొడుగుపిల్ల, పొట్ట మీద రెండు చేతులూ పెట్టుకుని.

"సాక్షి ఎవరు?" అంది ఆఫీసరమ్మ.

"నేనండి," అని నిదానమ్మ లేచింది.

మేనేజరు అప్పుడే చేశాడు ఆ పని. నలభై రెండు మందిని నోరు మూయించిన మనిషి, ఒక్కావిడ నోరు తెరిచేసరికి ఆగలేకపోయాడు. తోలుసంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"మేడమ్, ఈవిడ మా మనిషి కాదు. నిన్ననే రాజీనామా ఇచ్చింది. లాండ్రీ విషయాల్లో సాక్ష్యం చెప్పే హక్కు ఈమెకి లేదు."

నిదానమ్మ భయపడిందే జరిగింది. అయినా ఆవిడ కూర్చోలేదు.

ఆఫీసరమ్మ కాగితం చూసి, ఆవిణ్ణి చూసి, "నిన్న మానేసిన మనిషి ఈవేళ ఏప్రన్‌తో ఎందుకొచ్చింది?" అంది.

"అలవాటండి," అన్నాడు మేనేజరు.

"పదింటి దాకా నేను మడిచిన దుప్పట్లు కూడా అలవాటేనేమో అడగండి మేడమ్," అంది నిదానమ్మ. గుమాస్తా దగ్గు వచ్చినట్టు నటించాడు.

"సంతకం నీదేనా?"

"నాదే. పైనున్న రాత నాది కాదు, తేదీ నాది కాదు. చెవి పెట్టి చూడండి."

ఆఫీసరమ్మ చెవి రింగు తీసి బల్ల మీద పెట్టి, వంగి, సంతకానికి చెవి ఆనించింది. చాలాసేపు విని తలెత్తింది.

"ఒకటే హోరు."

"బాయిలర్ మేడమ్," అన్నాడు మేనేజరు కుర్చీలో వెనక్కి వాలి. ఆ సంతకం సంగతి ఆయనకీ తెలుసు, ఊళ్లో ఎవరికి తెలీదు? హోరులో పెట్టిన సంతకం ఎవరికేం చెప్తుందని ఆయన ధీమా.

"ఎన్నో అక్షరం దాకా విన్నారు మేడమ్?" అంది నిదానమ్మ.

"నాలుగో, అయిదో."

"ఆరున్నాయండి. పూర్తిగా వినండి."

ఆఫీసరమ్మ మళ్లీ వంగింది. ఈసారి ఆమె మొహం మారింది. పదింటికి టీ వేళ బాయిలర్ మంట ఆపుతారు లాండ్రీలో. ఆపే ముసలాయన గడియారం చూసి మీట దించాడంటే హోరు చటుక్కున తెగిపోతుంది. ఆ రోజూ తెగింది. హోరు మీద అరిచి మాట్లాడుతున్న మేనేజరు, హోరు ఆగిన సంగతి తెలుసుకునేలోపు, నిశ్శబ్దంలో ఇంకో నాలుగు మాటలు అరిచేశాడు. మిగిలినవాళ్ల సంతకాలు ఎప్పుడో అయిపోయాయి. నిదానమ్మ ఒక్కతే ఇంకా చివరి అక్షరానికి కొమ్ము పెడుతోంది.

ఆఫీసరమ్మ తల ఎత్తకుండానే గుమాస్తాని పిలిచింది. "నువ్వూ విను. విన్నది విన్నట్టు రాయి."

గుమాస్తా చెవి ఆనించి, ఒక చేత్తో రాస్తూ పైకే చదివాడు. "ఆడ గొంతు: 'సారూ, కాగితంలో ఏమీ లేదు కదా, దేని మీద పెట్టమంటారు సంతకం?' మగ గొంతు, అరుస్తూ: 'పైన ఏం రాయాలో మేం రాసుకుంటాంలే. ఇదిగో పొడుగు పిల్లా, నువ్వు కూడా తేదీ వేయలేదు కదా, వేయకు. రేపు కడుపనీ కాన్పనీ ఎవరు మొదలెట్టినా ఈ కాగితం ఉంటే గొడవుండదు.' తర్వాత ఎవరో టీ గ్లాసు కింద పడేశారు మేడమ్. పగిలింది. అంతే, సంతకం అయిపోయింది."

బెంచీ మీద పొడుగుపిల్ల మెల్లగా, "ఆ గ్లాసు నాదే," అంది.

మేనేజరు కుర్చీలో ముందుకొచ్చాడు. "మేడమ్, ఇది అన్యాయం. ఆ మాటలు మూడేళ్ల కిందటివి. నిన్నటివి కావు."

ఆఫీసరమ్మ కళ్లజోడు సరిచేసుకుంది. "నేనూ అదే అంటున్నా. రాసుకో," అంది గుమాస్తాతో. "సంతకం మూడేళ్ల కిందటిదని యాజమాన్యం వారే ఒప్పుకున్నారు."

మేనేజరు తోలుసంచికి జిప్పు వేశాడు, తీశాడు.

నిదానమ్మకి ఇవేవీ సరిగ్గా వినపడలేదు. ఆవిడ గుమాస్తా చదివిన మొదటి మాట దగ్గరే ఆగిపోయింది.

"బాబూ, ఆ ఆడగొంతు ఎవరిదన్నావు?"

"నీదేనమ్మా. బ్యాంకు కాగితాల మీద దగ్గే గొంతే. మా బావమరిది అక్కడే పనిచేస్తాడు, నాకూ వినిపించాడు."

"నేను అడిగానా?"

"అడిగావు," అంది ఆఫీసరమ్మ. కాగితం ఆవిడ వైపు జరిపింది. "కావాలంటే విను."

నిదానమ్మ వంగింది. చివరి అక్షరం దగ్గర, మూడేళ్ల కిందటి తన గొంతు, హోరు మీద వినపడాలని గట్టిగా, హోరు ఆగడంతో ఇంకా గట్టిగా అడుగుతోంది. వణుకు లేదు. బతిమాలడం లేదు. అంగట్లో తూకం తగ్గితే అడిగినట్టు అడుగుతోంది. మూడేళ్లు తాను నోరెత్తని మనిషిననే అనుకుంది. ఆగాక కూడా చెవుల్లో మోగుతూనే ఉన్న ఆ హోరు, ఆవిడ మాటనీ వాడి జవాబునీ కూడా మాయం చేసేసింది. కాగితం మాత్రం దాచిపెట్టింది. ఆవిడ లేచి నిలబడినప్పుడు ఏప్రన్ ముడతలు అరచేత్తో సాపుచేసుకుంది, దుప్పటి సాపుచేసినట్టు. ఏడవలేదు. ఏడుస్తుందేమోనని పొడుగుపిల్ల చూసింది కానీ, ఆవిడ మొహంలో ఉన్నది ఏడుపు కాదు.

తీర్పు ఆ మధ్యాహ్నమే రాశారు. మనిషి తన ఇష్టంతో, తన తేదీతో ఇవ్వని రాజీనామా చెల్లదు. పొడుగుపిల్ల పనిలోనే ఉన్నట్టు లెక్క. తొమ్మిదో నెల నుంచి సెలవు, తిరిగొచ్చాక అదే దుప్పటి, అదే కొస. నిదానమ్మ సాక్ష్యం చెప్పినందుకు ఆవిడ మీద చెయ్యి వేస్తే చట్టం ఊరుకోదని విడిగా ఒక వాక్యం. ఆ వాక్యం తలుపు వెనక కాగితంలో పదకొండోది. ఆఫీసరమ్మ చదువుతుంటే నిదానమ్మ పెదాలు ముందే కదిలాయి.

సాయంత్రం ఆఫీసరమ్మ లాండ్రీకొచ్చి బీరువా తెరిపించింది. తెల్లకాగితాలు దొంతరగా బయటికొచ్చాయి. ఎవరిది వాళ్ల చేతికిచ్చారు. ఒకావిడ అక్కడికక్కడే నాలుగు ముక్కలు చేసింది. ఒకావిడ కూతురికి లెక్కలు వేసుకోవడానికి పనికొస్తుందని మడిచి పెట్టుకుంది. మాయమైన ముగ్గురి కాగితాలు ఆఫీసరమ్మ తన దగ్గరే ఉంచుకుంది, ఆ ముగ్గురికీ కబురు పెట్టమంది.

మడతబల్ల దగ్గర పొడుగుపిల్ల కొస పట్టుకుని నిలబడింది. మొదటి దుప్పటికి మొదటిసారి ఎదురొచ్చి, "అక్కా," అంది. రెండోసారి వచ్చి, "ఆ రోజు నువ్వడిగావని నాకు తెలుసు," అంది.

"మరి మూడేళ్లు చెప్పవేమే?"

మూడోసారికి ఆగాల్సొచ్చింది.

"నీకు తెలిసే ఉంటుందనుకున్నా. నేను గ్లాసు వదిలేసింది ఎందుకనుకున్నావు? నువ్వు అలా అడుగుతావని అనుకోలేదు, చెయ్యి జారింది."

నిదానమ్మ ఆ దుప్పటిని ఎప్పటికన్నా నిదానంగా మడిచింది.

పది రోజుల తర్వాత కొత్త అగ్రిమెంట్లు వచ్చాయి, ఒక్కొక్కరికీ రెండేసి నకళ్లు. పదింటికి బాయిలర్ ఆపారు, క్యాంటీన్ తలుపు మూశారు. తలుపు వెనక కాగితం అందరికీ ఎదురుగా కనపడింది. అగ్రిమెంటు చదివింది నిదానమ్మే. పనిగంటలు, సెలవులు, ఒళ్లు కాలితే ఏం చేయాలి, కడుపొస్తే ఏం చేయాలి, ఒక్కో వాక్యం ఆగి ఆగి. "తొందరగా కానీయండమ్మా," అని సూపర్‌వైజరు ఒకసారి అన్నాడు. "తొందరేముంది నాయనా, దుప్పట్లు ఎక్కడికీ పోవు," అని ఎవరో ఆయనకి కుర్చీ వేశారు. అర్థంకాని చోటల్లా చేతులు లేచాయి, ప్రశ్నలు లేచాయి. అన్నిటికీ జవాబొచ్చాకే పెన్నులు కదిలాయి. వేలిముద్ర వేసే ముసలామె కూడా బొటనవేలు ఆనించి రెండు నిమిషాలు తీయలేదు. ఆ రోజు దుప్పట్లు రెండు గంటలు ఆలస్యమయ్యాయి. ఏ ఆసుపత్రీ మూతపడలేదు.

ఇంతకాలం పనిచేసుకు బతికిన మీరు కూడా ఎక్కడో ఒకచోట, ఎవరో తొందరపెడుతుంటే, ఒక కాగితం మీద సంతకం పెట్టే ఉంటారు. దానికి ఎవరైనా చెవి ఆనిస్తే, చివరి అక్షరం దగ్గర మీ గొంతు ఏం అడుగుతూ వినపడుతుంది?